విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, మరి పాత సిస్టమ్‌ని ఏం చేద్దాం?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది కదా, అప్పటినుంచి ఎవర్ని కదిలించినా ఒకటే ప్రశ్న, సిస్టమ్ మార్చేయాలా అని. షాపుకెళ్లి అడిగితే మార్చమనే అంటారు, వాళ్ల వ్యాపారం అది, తప్పు పట్టలేం. కానీ ఏడెనిమిదేళ్ల కింద కొన్న సిస్టమ్స్‌లో చాలావాటికి ఇంకా దారి ఉంది, ఏ దారి అనేది మీ ప్రాసెసర్ ఎంత పాతది అన్నదానికంటే ఆ సిస్టమ్ మీద మీరు ఏం పని చేస్తారు, దానికి ఏమేం తగిలిస్తారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే ఓపిగ్గా ఒక్కొక్కటి చూద్దాం.

ముందు ఒక భయం తీసేస్తా. సపోర్ట్ ఆగింది అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, రేపు పొద్దున కూడా మామూలుగానే ఆన్ అవుతుంది. డిఫెండర్ యాంటీవైరస్‌కి కొత్త వైరస్‌ల వివరాలు 2028 అక్టోబర్ వరకు వస్తూనే ఉంటాయి, ఎడ్జ్ బ్రౌజర్‌కీ దాదాపు అప్పటిదాకా అప్‌డేట్స్ ఉన్నాయి, మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకి వర్డ్, ఎక్సెల్ సెక్యూరిటీ అప్‌డేట్స్ కూడా 2028 అక్టోబర్ 10 వరకు ఇస్తామన్నారు. రానిదల్లా విండోస్‌లో బయటపడే కొత్త లోపాలకి ప్యాచ్. అంటే గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు గానీ వెనక తలుపు గడియ ఊడితే బిగించేవాడు లేడు, అంతే. నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ, ఆఫీస్ మెయిల్ లాంటివి చేసే సిస్టమ్‌ని అలా ఏళ్లతరబడి వదిలేయడం మాత్రం మంచిది కాదు.

అన్నిటికంటే ముందు బ్యాకప్

ఈ ముక్క చదవకుండా కిందికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, దయచేసి వెళ్లొద్దు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలనుకుంటారు గానీ మనవాళ్ల ఫైళ్లు అక్కడ ఎప్పుడుంటాయి, సగం డెస్క్‌టాప్ మీద, సగం డౌన్‌లోడ్స్‌లో, మిగతావి డీ డ్రైవ్‌లో న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2 అనే పేర్లతో ఉంటాయి. ట్యాలీప్రైమ్ వాడేవాళ్లైతే డేటా మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్ లోపల పబ్లిక్ ఫోల్డర్‌లో ట్యాలీప్రైమ్, దానిలో డేటా అని ఉంటుంది, దాన్ని ఎవ్వరూ పట్టించుకోరు, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాక గుర్తొస్తుంది. ఔట్‌లుక్ మెయిల్స్ పీఎస్‌టీ ఫైల్‌లో ఉండొచ్చు, ఉంటే అది వెతికి తీసుకోండి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్స్, బుక్‌మార్క్స్ అకౌంట్‌కి సింక్ అయ్యాయో లేదో ఇంకో ఫోన్‌లోనో సిస్టమ్‌లోనో తెరిచి చూసుకోండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాక దాన్ని వేరే కంప్యూటర్‌కి పెట్టి రెండు మూడు ఫైళ్లు నిజంగా ఓపెన్ అవుతున్నాయా అని చూడటం కూడా బ్యాకప్‌లో భాగమే.

ఇంకోటి, ల్యాప్‌టాప్ లేదా ఈమధ్య కొన్న సిస్టమ్ అయితే డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఫైళ్లు ఎవరూ చదవలేకుండా వేసే తాళం, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్, ఆన్ అయి ఉండొచ్చు, మీరు ఆన్ చేయకపోయినా సరే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ రికవరీ కీ, అదే ఆ 48 అంకెల నంబర్, రాసి పెట్టుకోండి. బయోస్‌లో, అంటే విండోస్‌కంటే ముందు నడిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో, ఏదైనా మార్చిన మరుక్షణం సిస్టమ్ ఆ కీ అడిగే అవకాశం ఉంది, కీ లేకపోతే ఇక మీ ఫైళ్లు మీకే దొరకవు. బయోస్ జోలికి వెళ్లేముందు కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేస్తే ఈ గొడవ ఉండదు, హోమ్ ఎడిషన్‌లో అయితే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసుకోండి.

తొందర లేనివాళ్లకి: ఒక ఏడాది గడువు

ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, అందరూ ఈఎస్‌యూ అంటున్నారు, దీన్ని తీసుకుంటే ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. కొత్త ఫీచర్లేం రావు, మనకి వాటితో పనీ లేదు. దీనికి ముందు మీ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కి, వచ్చిన డబ్బాలో విన్‌వర్ అని ఇంగ్లీష్‌లో కొడితే వెర్షన్ కనిపిస్తుంది, పాతది ఉంటే ముందు అప్‌డేట్ చేసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, దాంట్లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్తే కుడిపక్కనో కిందనో ఎన్‌రోల్ నౌ అని చిన్న లింక్ ఉంటుంది. కనపడకపోతే ఉన్న అప్‌డేట్స్ అన్నీ వేసి ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి, ఈ ఎన్‌రోల్‌మెంట్ కొన్ని సిస్టమ్స్‌లో ఫెయిల్ అవుతుంటే మైక్రోసాఫ్ట్ 2025 నవంబర్‌లో దానికోసమే విడిగా ఒక అప్‌డేట్ వదిలింది.

డబ్బులు కట్టాలా అంటే మూడు పద్ధతులు ఉన్నాయి. 30 డాలర్లు లేదా దానికి సరిపడా మన డబ్బు కట్టొచ్చు, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడొచ్చు, లేదా సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సింక్ చేస్తే ఫ్రీ. మూడోది చాలు, డబ్బెందుకు. ఏ పద్ధతిలో అయినా మైక్రోసాఫ్ట్ అకౌంట్ మాత్రం తప్పదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, సింక్ అనగానే వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్, ఫొటోలు అన్నీ పైకి ఎక్కించడం మొదలుపెట్టొచ్చు, ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, పెళ్లి ఫొటోల ఫోల్డర్ ఒక్కటి చాలు అది నిండిపోవడానికి, ఆ తర్వాత స్టోరేజ్ కొనమని రోజూ నస. ఈఎస్‌యూకి కావాల్సింది సెట్టింగ్స్ సింకే, కాబట్టి విండోస్ బ్యాకప్‌లో ఫోల్డర్స్ దగ్గర ఆఫ్ చేసేసి మిగతావి ఉంచుకోండి. ఒక లైసెన్స్ ఒకే అకౌంట్ మీద 10 సిస్టమ్స్ వరకు పనిచేస్తుంది, కాబట్టి ఇంట్లో నాన్నగారిది, తమ్ముడిది కూడా అదే అకౌంట్‌తో పెట్టేసుకోవచ్చు.

ఇది పరిష్కారం కాదు, వాయిదా. కానీ ఒక్కోసారి వాయిదానే కావాలి, పిల్లాడి ఇంజనీరింగ్ అడ్మిషన్ అయ్యాక ఎలాగూ ల్యాప్‌టాప్ కొంటాం అనుకునేవాళ్లు ఇప్పుడే తొందరపడి కొనక్కర్లేదు.

విండోస్ 11 రాదు అని చూపిస్తే నమ్మేయకండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఒక చిన్న టూల్ ఉంది, అది రన్ చేస్తే మీ సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చెప్తుంది. పనికిరాదు అని రాగానే చాలామంది ఆపేస్తారు, కానీ ఎందుకు పనికిరాదో కింద రాసి ఉంటుంది, అది చదవాలి. ప్రాసెసర్ సపోర్ట్ లేదు అంటే అది అధికారికంగా కుదరనట్టే. టీపీఎం 2.0 (సెక్యూరిటీ కీలు దాచే చిప్) లేదు, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) లేదు అని వస్తే మాత్రం చాలాసార్లు అవి సిస్టమ్‌లో ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ అయి ఉంటాయి, ముఖ్యంగా షాపులో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో.

ప్రాసెసర్ సంగతి ఎలా తెలుస్తుందంటే, దిస్ పీసీ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఇంటెల్ కోర్ ఐ5-8400 అని ఉందనుకోండి, గీత తర్వాత వచ్చే 8 అంటే ఎనిమిదో జనరేషన్, అది ఓకే. ఐ3-7100 అయితే ఏడో జనరేషన్, అది విండోస్ 11 లిస్టులో లేదు. ఐ5-10400 అని ఐదంకెలు ఉంటే అది పదో జనరేషన్, ఒకటోది అనుకుని కంగారుపడొద్దు. ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్ దగ్గర కొన్ని ఉన్నాయి కొన్ని లేవు, అక్కడ టూల్ ఏం చెప్తే అదే.

ప్రాసెసర్ ఓకే అయితే బయోస్‌లోకి వెళ్లాలి. సిస్టమ్ ఆన్ అవుతుండగా గిగాబైట్, ఎంఎస్‌ఐ, ఆసుస్ బోర్డులకి డిలీట్ కీ, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 టపటపా కొడుతూ ఉండండి. టీపీఎం అనే పేరుతోనే ఉంటుందని వెతికితే దొరకదు, ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ లేదా ప్లాట్‌ఫామ్ ట్రస్ట్ టెక్నాలజీ అంటారు, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అంటారు. గిగాబైట్‌లో మిసిలేనియస్ కిందో పెరిఫెరల్స్ కిందో ఉంటుంది, ఎంఎస్‌ఐలో సెక్యూరిటీలో ట్రస్టెడ్ కంప్యూటింగ్, ఆసుస్‌లో అడ్వాన్స్‌డ్‌లో పీసీహెచ్ ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగరేషన్. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ కొట్టి బయటికి రండి. విండోస్ ఆన్ అయ్యాక రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీష్‌లో కొడితే రెడీ ఫర్ యూజ్ అని, కింద వెర్షన్ 2.0 అని రావాలి.

సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం నిదానం. అది ఆన్ కావాలంటే సీఎస్ఎం అనే లెగసీ మోడ్ ఆఫ్ చేయాలి, అది ఆఫ్ చేయగానే కొన్ని సిస్టమ్స్ అసలు విండోస్‌లోకే వెళ్లవు, నో బూట్ డివైస్ అంటాయి. కారణం డిస్క్‌ని భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండటం, కొత్త పద్ధతిని జీపీటీ అంటారు. ముందే చూసుకోవాలంటే స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కింద డిస్క్ 0 అని రాసున్న గళ్లో రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్ ట్యాబ్‌లో పార్టిషన్ స్టైల్ చూడండి. జీపీటీ అని ఉంటే భయం లేదు. ఎంబీఆర్ అని ఉంటే విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి, అది సక్సెస్ అన్నాకే కన్వర్ట్ చేయాలి. డిస్క్ మీద నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉంటే వ్యాలిడేషన్ ఫెయిల్ అవుతుంది. మార్చడం పూర్తయ్యాకే బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్, యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్ ఆన్. ఒకవేళ వరస తప్పి నో బూట్ డివైస్ వచ్చిందా, ఏం కాలేదు, మళ్లీ బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం ఆన్ చేస్తే పాతది పాతట్టు వచ్చేస్తుంది.

ఇవన్నీ అయితే అప్‌గ్రేడ్ ఫ్రీనే, ఒరిజినల్ విండోస్ 10 ఉన్నవాళ్లకి కొత్త కీ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ దింపుకుని నడిపితే ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు అలానే ఉండి విండోస్ ఒక్కటే మారుతుంది. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ కొట్టి వెనక్కి రావొచ్చు, ఆ లోపు డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫోల్డర్ తీసేస్తే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. అధికారికంగా 4 జీబీ ర్యామ్ చాలంటారు గానీ 4 జీబీ మీద విండోస్ 11 నడపడం శిక్ష, 8 జీబీ ఉండాలి. ఇంకా పాత హార్డ్ డిస్క్‌తోనే ఉంటే, అంటే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ దగ్గర డిస్క్ కింద హెచ్‌డీడీ అని చూపిస్తూ ఊరికే 100 శాతం కొడుతుంటే, ముందు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్, వేయించండి, 256 జీబీది చాలు. కొత్త సిస్టమ్ కొన్నంత తేడా కనిపిస్తుంది, నేనైతే విండోస్ మార్చకపోయినా ఈ ఒక్క పని చేయించుకోమనే చెప్తా.

ప్రాసెసర్ కుదరకపోయినా రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ చేసి చెకింగ్‌లు దాటించి విండోస్ 11 ఎక్కించే పద్ధతి యూట్యూబ్ నిండా ఉంది. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ ప్రతి ఏడాది వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, మళ్లీ మీరే పెన్‌డ్రైవ్‌తో కూర్చోవాలి. అలా ఎక్కించి మర్చిపోయిన సిస్టమ్స్ చాలా 23హెచ్2 దగ్గరే ఉన్నాయి, హోమ్, ప్రో ఎడిషన్లకి దాని సపోర్ట్ 2025 నవంబర్ 11తోనే అయిపోయింది, 24హెచ్2కి 2026 అక్టోబర్ 13 వరకే. అంటే విండోస్ 10 వదిలి వచ్చి మళ్లీ అదే గుంటలో పడ్డట్టు. 2025 సెప్టెంబర్ 30న వచ్చిన 25హెచ్2కి అయితే 2027 అక్టోబర్ దాకా ఉంది. ఇక మొదటి తరం కోర్ ప్రాసెసర్లకంటే ముందువి, అంటే పాత కోర్ 2 డ్యూయో రకం, వాటి మీద 24హెచ్2 నుంచి అసలు బూటే అవ్వదు, ప్రయత్నం కూడా వద్దు.

లైనక్స్ మింట్ ఎవరికి, ఎవరికి కాదు

నెట్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, మెయిల్, అప్పుడప్పుడు ఒక లెటర్ టైప్ చేయడం, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంతే పని అయితే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టేసుకోండి, ఫ్రీ. మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్స్ ఉన్నాయి. చూడ్డానికి స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ అన్నీ విండోస్ లాగే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు కూడా తికమక పడరు. 4 జీబీ ర్యామ్ లేదా ఇంకా తక్కువ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, అంతకంటే ఎక్కువ ఉంటే సినమన్.

దీంట్లో గొప్ప సుఖం ఏంటంటే ఇన్‌స్టాల్ చేయకుండానే చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని రూఫస్‌తో మింట్ ఐఎస్‌ఓ, అంటే దాని ఇన్‌స్టలేషన్ ఫైల్, ఎక్కించండి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి గుర్తుంచుకోండి, తర్వాత సిస్టమ్‌కి పెట్టి బూట్ మెనూ కీతో, డెల్, గిగాబైట్‌కి ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11, హెచ్‌పీకి ఎఫ్9, దాంట్లోంచి ఆన్ చేయండి. హార్డ్ డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. అలా ఉన్నప్పుడే వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా, వెబ్‌క్యామ్ వెలుగుతుందా, ప్రింటర్ తీసుకుంటుందా అన్నీ చూసుకోండి. అన్నీ వస్తేనే డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. విండోస్‌ని కూడా పక్కన ఉంచుకునే ఆప్షన్ ఉంటుంది, ఎరేజ్ డిస్క్ అనేది ఎంచుకుంటే మాత్రం డీ డ్రైవ్, ఈ డ్రైవ్ కూడా పోతాయి, సీ ఒక్కటే పోతుంది అనుకుంటారు చాలామంది. ఇన్‌స్టాల్ అయ్యాక మొదట టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఏదైనా చెడితే అక్కడికి వెనక్కి రావొచ్చు.

ఇప్పుడు ఎవరు పెట్టుకోకూడదో చెప్తా. ట్యాలీ మీద బతికేవాళ్లు వద్దు, అది విండోస్ సాఫ్ట్‌వేర్. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి టెండర్లు వేసేవాళ్లు, వేలిముద్ర డివైస్‌తో ఆధార్ పనులు చేసే సెంటర్ల వాళ్లు కూడా వద్దు, లైనక్స్ డ్రైవర్ ఉన్నా లేకపోయినా తేడా వస్తే ఫోన్ ఎత్తే సపోర్ట్ మనిషి విండోస్ గురించే చెప్తాడు. కానన్ ఎల్‌బీపీ 2900బీ ప్రింటర్, మన దగ్గర ఏ జిరాక్స్ షాపులో చూసినా ఉండేది, లైనక్స్ మీద బాగా సతాయిస్తుంది ఎందుకంటే అది కానన్ సొంత క్యాప్ట్ పద్ధతిలో పనిచేస్తుంది, మామూలు డ్రైవర్లు దానికి చెల్లవు. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు తగిలించగానే పనిచేస్తాయి.

డీటీపీ వాళ్ల సంగతి వేరే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో శుభలేఖలు, కరపత్రాలు కొట్టే సిస్టమ్‌ని మార్చకండి బాబూ. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్, అంటే అన్ని సిస్టమ్స్‌లో ఒకేలా చదవగలిగే పద్ధతి, కాదు, వేరేచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆఫ్ చేసి, విండోస్ 10 మీదే అలాగే ఉంచుకోండి, మెయిల్, వాట్సాప్ పనులకి వేరే సిస్టమో ఫోనో వాడండి. బయటివాళ్ల పెన్‌డ్రైవ్‌లు మాత్రం నేరుగా దాంట్లో పెట్టనివ్వొద్దు, నెట్ లేని సిస్టమ్‌కి వైరస్ వచ్చేది ఎక్కువగా ఆ దారిలోనే.

తెలుగు టైపింగ్

సిస్టమ్ మారగానే అందరూ అడిగేది ఇదే. విండోస్ 10, 11 రెండిట్లోనూ తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్, అంటే ఇంగ్లీష్ అక్షరాలతో పలికినట్టు కొట్టేది, లోపలే ఉంది, 2019 మే అప్‌డేట్ నుంచి ఇస్తున్నారు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు యాడ్ చేశాక అక్కడితో ఆగొద్దు, అప్పుడు వచ్చేది ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీష్ అక్షరాలు చూసి కొడితే ఏవేవో పడతాయి. తెలుగు పక్కన ఆప్షన్స్‌లోకి వెళ్లి యాడ్ ఎ కీబోర్డ్ నొక్కి తెలుగు ఫొనెటిక్ ఎంచుకోవాలి. తర్వాత విండోస్ కీతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఆఫ్‌లైన్ వెర్షన్‌ని గూగుల్ ఎప్పుడో ఆపేసింది, ఇప్పుడు ఏవో సైట్లలో దొరికే సెటప్ ఫైళ్లు ఎవరు పెట్టారో ఏం కలిపారో తెలీదు, వద్దు. పాత డాక్యుమెంట్‌లో గౌతమి ఫాంట్ కనపడకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, యాడ్ చేసుకోండి.

మింట్‌లో అయితే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వెతికి వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి వస్తే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ కనిపిస్తాయి. ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టేవాళ్లకి ఐట్రాన్స్ లేదా ఆర్‌టీఎస్. పోతన, వేమన, లోహిత్ ఫాంట్స్ అన్నీ ఒకే ప్యాకేజీలో కావాలంటే ఫాంట్స్ తెలు అని ఇంగ్లీష్‌లో వెతకండి.

ఇవేవీ వద్దు, కొత్తది కొనేస్తాం, పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తాం అనేవాళ్లు షిఫ్ట్ డిలీట్ కొట్టి ఇచ్చేయకండి, ఆ ఫైళ్లు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తేలిగ్గా వెనక్కి వస్తాయి, ఆధార్ స్కాన్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లతో సహా. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, ఛేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా ఆన్ చేసి, డ్రైవ్‌లు అడిగినచోట ఆల్ డ్రైవ్స్ పెట్టి రాత్రి వదిలేయండి. హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది, మధ్యలో కరెంట్ పోకుండా యూపీఎస్ మీద ఉంచండి. లేదంటే డిస్క్ ఊడదీసుకుని మిగతాది ఇచ్చేయండి, దానికి వాళ్లు తగ్గించే డబ్బు పెద్దగా ఉండదు.